చంద్రుని మీది మాట: విన్నదా, పోల్చుకొన్నదా?

అమెరికాలో వెలువడు ‘క్యు.ఇ.ఎక్స్.’ అను హామ్ రేడియో పత్రికలో 2005వ సంవత్సరమున జోసెఫ్ టేలర్ ‘జె.టి.65’ అను సంకేత పద్ధతిని వివరించుచు ఒక వ్యాసము ప్రకటించెను. టేలర్ జంట పల్సారును కనుగొన్నందుకు 1993లో హల్స్‌తో కలసి భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము పొందినవాడు, హామ్ కూడ. ఈ పద్ధతిలో ఒక భాగము నిస్సంశయముగ మెచ్చదగినది. రెండవ భాగమును గట్టిగా ప్రశ్నింపవలసియున్నది.

చంద్రుడు సగటున 3,84,400 కిలోమీటర్ల దూరమున నున్నాడు. రేడియో తరంగము పోయి తిరిగివచ్చుటకు రెండున్నర సెకండ్లకు పైగా పట్టును. తన మీద పడిన శక్తిలో చంద్రుడు వెనుకకు చిమ్మునది సుమారు 7 శాతమే. 144 మెగాహెర్ట్‌జ్ వద్ద, అన్ని దిక్కులకు సమానముగ ప్రసరించు ఏరియల్ వాడినచో, పంపిన శక్తిలో 1 తరువాత 25 సున్నలు వేసినన్ని వంతులలో ఒక వంతు కూడ తిరిగి అందదు. అందుచేతనే పెద్ద పెద్ద ఏరియల్‌లు కావలసివచ్చినవి. 1946 జనవరి 10న అమెరికా సైనిక శాస్త్రజ్ఞులు ఈ ప్రతిధ్వనిని మొదట పట్టిరి. 1953లో ఇద్దరు హామ్‌లు తమ ప్రతిధ్వనిని తామే అందుకొనిరి. 1960 జులైలో రెండు అమెరికన్ హామ్ బృందములు చంద్రుని మీదుగా మొదటిసారి పరస్పరము పలుకరించుకొనిరి. ఆపైన ఎన్నో ఏండ్లు ఇది ముఖ్యముగ మోర్సు సంకేతములతో, చెవి పదునుతో సాగిన పని.

జె.టి.65 సందేశమునకు 72 బిట్లే ఉండును. రెండు కాల్‌సైన్‌లకు ఒక్కొక్కదానికి 28, స్థలమును తెల్పు గుర్తునకు 15, సందేశపు రకమును తెల్పుటకు 1. వీనిని 378 బిట్లుగ పెంచి, 63 స్వరములుగ మార్చి, 46.8 సెకండ్లలో పంపుదురు. ఆ 63లో 25 స్వరములు తప్పుగ అందినను పూర్తి సందేశమును తిరిగి కట్టవచ్చును. అంతకు మించి చాల చెడినచో సాధారణముగ ఏమియు చూపదు; సగము ఒప్పు, సగము తప్పు అయిన సందేశము రాదు. ఇది నిజాయితీ గల పద్ధతి. మోర్సుకు కావలసిన శక్తిలో సుమారు పదవ వంతుతో పని జరుగును గనుక, ఒకే ఒక మంచి యాగీ ఏరియల్ గలవారు కూడ పెద్ద స్టేషన్‌లతో మాటాడగల్గిరి.

చిక్కు రెండవ భాగముతో వచ్చినది. పై పద్ధతి విఫలమైనచో, కంప్యూటరు తనయొద్ద నున్న కాల్‌సైన్‌ల పట్టికను తీసి, వచ్చిన బలహీన స్వరములు అందు దేనికి మిక్కిలి దగ్గరగ నున్నవో చూచును. తడిసి అలికిపోయిన చిరునామాను ఆ వీధి తెలిసిన తపాలా జవాను చదువుట వంటిది. చాలమారులు జాబు సరియైన ఇంటికే చేరును. కాని ఆ వీధికి నిన్న వచ్చిన అద్దెవాని జాబు? పట్టికలో లేని పేరు ఈ మార్గమున ఎన్నటికిని బయటపడదు. వ్యాసరచన పరీక్షకును, ఇచ్చిన జవాబులలో ఒకదానిని గుర్తించు పరీక్షకును గల భేదము ఉపాధ్యాయులకు చెప్పనక్కరలేదు.

మోర్సు పక్షమువారు దీనిని ఆసరా చేసికొని కంప్యూటరు పద్ధతినంతను తోసిపుచ్చుట మాత్రము సరికాదు. చెవితో వినువాడు కూడ సగము విన్న పేరును తెలిసిన పేర్లతో పూరించుకొనుచునే యుండును. అతని పట్టిక మనస్సులో నున్నది, అంతే. యంత్రముతో రొదనుండి సంకేతమును రాబట్టుట కూడ క్రొత్త కాదు. 1946 ఫిబ్రవరిలో హంగరీలో జోల్తాన్ బాయ్ ఒక్క ప్రతిధ్వనిని వేరుచేసి చూడలేక, మరల మరల వచ్చిన ప్రతిధ్వనులను నీటిని విద్యుత్తుతో విడగొట్టు గొట్టములలో హైడ్రోజనుగ కూడబెట్టి చూపెను. అది శాస్త్రము కాదనువారు లేరు. బాయ్ కూడబెట్టినది చంద్రునినుండి వచ్చిన శక్తిని. పట్టిక కలుపునది మనకు ముందే తెలిసిన విషయమును. ఈ రెండును ఒక్కటి కావు.

టేలర్ ఈ భేదమును దాచలేదు. పట్టికవలన తేలిన సందేశమునకు ప్రోగ్రాము వేరుగ విశ్వాసపు అంకె చూపెడిది. అనుమానమున్నచోట ప్రశ్నార్థకము కూడ పెట్టెడిది. లోపము వాడుకరులది. తెర మీది ఆ ప్రశ్నార్థకమును తమ రికార్డు పుస్తకములోనికి కూడ ఎక్కించి, పట్టిక సాయము లేక మరొకమారు అందినపుడే దానిని కొట్టివేసినచో, ఈ వివాదమునకు తావుండెడిది కాదు.