భామాకలాపంలో మాధవి పాత్ర: రంగస్థల స్వీయస్పృహ

ప్రదర్శన తనను తాను ప్రదర్శనగా చెప్పుకునే ఘట్టాలను మన విమర్శ సాధారణంగా రెండు విధాలుగా వివరిస్తుంది. ఒకటి, హాస్యం కోసం తరువాత చేరిన ప్రక్షిప్తమనడం; రెండు, బ్రెహ్ట్ పరాయీకరణకు ఉదాహరణ అనడం. కూచిపూడి భామాకలాపంలోని మాధవికి ఈ రెండూ సరిపోవు.

సిద్ధేంద్రయోగి కృతిగా సంప్రదాయం చెప్పే ఈ కలాపంలో సూత్రధారుడే సత్యభామకు చెలికత్తె మాధవి, కృష్ణునికి చెలికాడు మాధవుడు. వేషం మారదు, మాట, నిలబడే తీరు మారతాయి. సంప్రదాయంలో భామ పాత్రధారి కూడా పురుషుడే. వేదాంతం సత్యనారాయణ శర్మ ఈ వేషంతోనే ప్రఖ్యాతి పొందారు. అంటే రంగం మీద ఇద్దరు పురుషులు స్త్రీలుగా సంభాషిస్తుంటారు: ఒకరిది సంపూర్ణ స్త్రీ ఆహార్యం, మరొకరికి అది బొత్తిగా లేదు. ఆ లేమే మొదటివారి వేషాన్ని వేషంగా ఎత్తిచూపుతుంది. భ్రమ భగ్నమైందనడానికి, ఇక్కడ ప్రేక్షకుడు భ్రమపడిందెప్పుడు?

క్రీ.పూ. 411 నాటి 'థెస్మోఫోరియాజూసాయ్'లో అరిస్టోఫేనిస్ ఒక ముసలివాడికి రంగం మీదే గడ్డం గీయించి ఆడవేషం కట్టిస్తాడు. ఏథెన్స్‌లోనూ స్త్రీ పాత్రలు పురుషులే ధరించేవారు కనుక ఆ నవ్వు నాటకకళకే తగులుతుంది. అయితే గ్రీకు ప్రహసనంలో ఈ స్పృహ ప్రధానంగా కవిది. బృందగానం కథను ఆపి ప్రేక్షకులతో నేరుగా మాట్లాడే 'పరాబాసిస్'లో అతని గొంతే వినిపిస్తుంది, క్రీ.పూ. 423లో 'మేఘాలు' ఓడినందుకు, తిరగరాసిన ప్రతిలో ప్రేక్షకులను నిష్ఠూరమాడాడు. కూచిపూడిలో ఈ స్పృహ మేళాన్ని నడిపే సూత్రధారుడిది. భామ లేఖను కృష్ణునికి చేర్చడానికి మాధవి ముక్కెర అడగడంలో కళాకారుడు కోరే సంభావన కూడా ధ్వనిస్తుందని నా అభిప్రాయం.

అరిస్టోఫేనిస్ చమత్కారాలు కవి రాసినవి కనుక పాఠంలో నిలిచాయి. మాధవి సంభాషణ చాలావరకు నటుల సమయస్ఫూర్తితో రంగం మీద పెరిగేది. ముద్రిత ప్రతినే ఆధారం చేసుకున్న పరిశోధన దరువుల సాహిత్యం, నాయికా లక్షణాల దగ్గరే ఆగిపోతుంది. నా సిద్ధాంత గ్రంథంలోనూ ఒక అధ్యాయం అలాగే ఆగింది.

మార్కాపురంలో ఈ ఘట్టం పాఠం చెబుతుండగా, గిద్దలూరు వైపు నుంచి వచ్చే ఒక విద్యార్థి "తోలుబొమ్మలాటలో కేతిగాడి లాగానా సార్?" అని అడిగాడు. ఆ పోలిక నాకు అంతవరకు తట్టలేదు. కేతిగాడూ బంగారక్కా రామాయణాన్ని ఆపి ఊరి సంగతులు మాట్లాడగలరు. కానీ వారు కథకు బయటివారు. వారు తప్పుకున్నా రాముడి కథ సాగుతుంది. మాధవి తప్పుకుంటే భామ లేఖ కృష్ణుడికి చేరదు.