అల్పమని కొట్టివేసిన రాతలు: రాల్ఫ్ జోసెలిన్ డైరీ - ఉద్దానం ఇంటి పుస్తకాలు

1. ప్రవేశిక

తెలుగు విమర్శలో డైరీకి స్వతంత్రమైన స్థానం తక్కువ. ప్రసిద్ధ రచయిత డైరీ దొరికితే దాన్ని అతని ఇతర రచనలకు వ్యాఖ్యానంగా చదువుతాం. గురజాడ అప్పారావు ఇంగ్లీషులో రాసుకున్న డైరీలను ఎక్కువగా 'కన్యాశుల్కం' కర్త మనసు తెలుసుకోవడానికే తెరుస్తాం. ఇది తప్పు కాదు. అయితే ఏ గొప్ప గ్రంథమూ రాయని మనిషి డైరీని ఎందుకు చదవాలి, అందులోని ఏ వాక్యాన్ని ఉంచాలి, ఏ వాక్యాన్ని తీసివేయాలి అన్న ప్రశ్నలకు ఈ పద్ధతిలో సమాధానం దొరకదు. 17వ శతాబ్దికి చెందిన ఒక ఆంగ్ల మతగురువు డైరీని, దాని ముద్రణచరిత్రను ఆధారంగా చేసుకొని ఈ ప్రశ్నలను పరిశీలించడం, ఆ పరిశీలనను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని ఇంటి రాతలకు అన్వయించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. జోసెలిన్ డైరీ స్వభావం

రాల్ఫ్ జోసెలిన్ 1641 నుండి 1683లో మరణించేవరకు ఎసెక్స్ ప్రాంతంలోని ఎర్ల్స్ కోన్ అనే గ్రామంలో చర్చి గురువుగా ఉన్నాడు. కొంతకాలం బడిపంతులుగా పనిచేశాడు. సొంతంగా వ్యవసాయం చేయించాడు. అంతర్యుద్ధకాలంలో పార్లమెంటు సేన వెంట మతబోధకుడిగా వెళ్లివచ్చాడు. భార్య జేన్‌తో పదిమంది పిల్లలను కన్నాడు. వారిలో కొందరిని పసితనంలోనే పోగొట్టుకున్నాడు.

అతని డైరీలో ఒక క్రమం కనిపిస్తుంది. వర్షం, పంట, అప్పు, భూమి కొనుగోలు, పిల్లల జ్వరాలు, కలలు, దేశవార్తలు ఒకదాని పక్కన ఒకటి వస్తాయి. రాజు శిరచ్ఛేదానికి చోటిచ్చిన పుస్తకమే అతని బొడ్డు దగ్గరి పుండుకూ చోటిచ్చింది. కోల్చెస్టర్ పట్టణంలో ప్లేగు వ్యాపించినప్పుడు వారంవారం చనిపోయినవారి సంఖ్యను రాసిపెట్టాడు. వీటన్నిటినీ కలిపే సూత్రం దైవసంకల్పం. ప్రతి సంఘటనలోనూ దేవుడు తనకు ఏదో చెబుతున్నాడని అతని నమ్మకం. 1648లో పసికందు మరణించినప్పుడు తన తప్పేమిటని వెతుక్కుని, వేళగాని వేళ చదరంగం ఆడటాన్ని కూడా ఆ తప్పుల్లో చేర్చుకున్నాడు. 1650లో ఎనిమిదేళ్ల కూతురు మేరీ మరణాన్ని రాసిన చోట మతబోధకుడి స్థిరత్వం కంటే తండ్రి దుఃఖమే ముందు వినిపిస్తుంది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉంది. అతనికి చిల్లర సంగతి అంటూ లేదు. దైవం దేనిద్వారానైనా మాట్లాడవచ్చు కాబట్టి దేన్నీ వదలలేదు. ఆ నమ్మకం లేని నేటి పాఠకుడికి కూడా దాని ఫలితం ఉపయోగపడుతోంది. భక్తికోసం రాసుకున్న పుస్తకం ఒక గ్రామం ఆరోగ్యానికి, ఆర్థికస్థితికి, కుటుంబజీవితానికి సాక్ష్యంగా నిలిచింది.

3. సంపాదకుడి ఎంపిక

ఈ డైరీ మొదట 1908లో ఇ. హాక్లిఫ్ సంపాదకత్వంలో అచ్చయింది. ఇంటి సంగతులు, అనారోగ్యం, వాతావరణం వంటివి పాఠకులకు ఆసక్తి కలిగించవన్న భావనతో ఆయన చాలా భాగాన్ని వదిలివేశారు. ఆ కాలపు చరిత్రరచనకు రాజులు, యుద్ధాలు, మతవివాదాలే ముఖ్యం. ఆ దృష్టితో చూస్తే ఆయన ఎంపికలో అసంగతమేమీ లేదు.

అయితే 1970లో మానవశాస్త్రవేత్త, చరిత్రకారుడు ఆలన్ మెక్‌ఫార్లేన్ ఈ డైరీ ఆధారంగానే జోసెలిన్ కుటుంబజీవితంపై గ్రంథం రాశారు. 1976లో డైరీ పూర్తి పాఠాన్ని ప్రకటించారు. ఆ తరువాతి ఏడాది లారెన్స్ స్టోన్, పూర్వకాలపు ఆంగ్ల కుటుంబాల్లో తల్లిదండ్రులకు పిల్లలపై గాఢమైన అనుబంధం ఉండేది కాదన్న వాదాన్ని ప్రతిపాదించారు. ఆ వాదాన్ని ఎదుర్కోవడానికి మెక్‌ఫార్లేన్ చేతిలో ఉన్న బలమైన ఆధారాల్లో జోసెలిన్ డైరీ ఒకటి. పిల్లల జ్వరాలు, పళ్లు రావడం, మరణాలు, ఉత్తరాలు రాలేదన్న బెంగ ఇప్పుడు వాదానికి కేంద్రమయ్యాయి. ఒక తరం అల్పమనుకున్న సామగ్రి మరో తరానికి ప్రధాన ఆకరమైంది.

కాబట్టి ఏది ముఖ్యమో నిర్ణయించే హక్కు సంపాదకుడికి ఉంది. కాని ఆ నిర్ణయం అతని కాలానికి మాత్రమే చెందుతుంది. వదిలిన భాగం రాతప్రతిలో భద్రంగా ఉండబట్టే 1908 నాటి ఎంపికను 1976లో సవరించగలిగారు. రాతప్రతి పోయి ఉంటే ఆ ఎంపికే శాశ్వతమయ్యేది.

4. వీరాస్వామయ్య యాత్రచరిత్రతో పోలిక

తెలుగులో తేదీలవారీగా సాగే రచనల్లో ముందు చెప్పుకోవలసింది ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర'. 1830 మే నుండి 1831 సెప్టెంబరు వరకు సాగిన యాత్ర ఇది. తిరుగుప్రయాణంలో ఆయన పూరీ నుండి గంజాం, శ్రీకాకుళం మీదుగా, అంటే ఈ కోస్తా బాటనే, మద్రాసుకు చేరుకున్నారు. ఆయనకూ దైవచింతన ఉంది. ధరలు, నీరు, బస, బాట స్థితి వంటివాటిపై శ్రద్ధ ఉంది.

అయినా రెండు రచనల మధ్య మౌలికమైన భేదం ఒకటుంది. వీరాస్వామయ్య తన విశేషాలను మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు రాసి పంపేవారు. ఆ పిళ్లగారే 1838లో గ్రంథాన్ని అచ్చువేయించారు. ఎదుట శ్రోత ఉన్న రచన కావడంతో రాబోయే యాత్రికుడికి పనికివచ్చే సంగతులకే అందులో ప్రాధాన్యం. జోసెలిన్ రచనకు దేవుడు తప్ప శ్రోత లేడు. అందుకే అతని రాతలో సిగ్గు, భయం, లెక్క అన్నీ కలిసిపోయాయి. డైరీని అంచనా కట్టేటప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న 'ఎవరికోసం?' అన్నది. శైలి, నిర్మాణం, సత్యం గురించిన చర్చ ఆ తరువాతనే.

5. ఉద్దానం ఇంటి పుస్తకాలు

ఈ చర్చకు పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతాల్లో ప్రత్యేకమైన అవసరం ఉంది. ఈ ప్రాంతం 1936 వరకు గంజాం జిల్లాలో, తరువాత విశాఖపట్నం జిల్లాలో, 1950 నుండి శ్రీకాకుళం జిల్లాలో ఉంది. పాలన మారినప్పుడల్లా రికార్డుల చిరునామా మారింది. ఇంట్లో రాసుకున్న పుస్తకం మాత్రం ఆ ఇంటిలోనే ఉంటుంది. పంచాంగం అంచున రాసిన పుట్టుకలు, మరణాలు, జీడిపిక్కల బస్తాల లెక్క, కొబ్బరికాయల దింపు, బావి తవ్వించిన తేదీ, చేబదులు పద్దు వంటివి డైరీ అన్న పేరు లేని డైరీలే.

ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధికి కారణం ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధనకేంద్రం, ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. వైద్యపరీక్షలు ఇప్పటి శరీరాన్ని చూపగలవు. ఏ ఇంట ఎవరు ఎప్పుడు మంచం పట్టారు, అప్పుడు ఏ నీరు తాగేవారు అన్నవి మాత్రం జ్ఞాపకాల్లోనో, రాతల్లోనో వెతకాలి. ఇంటి పుస్తకం వైద్యనిర్ధారణ చేయలేదు. కాని జ్ఞాపకానికి తేదీ ఇవ్వగలదు. 2018 అక్టోబరు 11న తీరం దాటిన తిత్లీ తుఫాను జీడి, కొబ్బరి తోటలను నేలకూల్చిన రాత్రి ఎన్ని ఇళ్లలో కాగితాలు తడిసిపోయాయో ఊహించుకోవచ్చు.

ఇక్కడే అసలు చిక్కు ఎదురవుతుంది. జోసెలిన్ చనిపోయి మూడు శతాబ్దాలు దాటింది. అతని బొడ్డు పుండు గురించి రాస్తే బాధపడేవారు లేరు. ఉద్దానంలో క్రియాటినిన్ అంకె, డయాలసిస్ తేదీ రాసుకున్నవారు, వారి పిల్లలు మన మధ్యనే ఉన్నారు. ఆ అంకె బయటపడితే పెళ్లి సంబంధం దగ్గర ప్రశ్న కాగలదు. పూర్తిపాఠం కావాలన్న పరిశోధకుడి కోరిక, తన రాత తనదేనన్న కుటుంబం హక్కు రెండూ న్యాయమైనవే.

ఈ చిక్కుకు జోసెలిన్ డైరీ ముద్రణచరిత్రే మార్గం చూపుతుంది. భద్రపరచడం వేరు, ప్రకటించడం వేరు. భద్రపరచేటప్పుడు ఒక్క గీతనూ వదలకూడదు. ప్రకటించేటప్పుడు కుటుంబం సమ్మతి లేని భాగాన్ని ఆపి, ఆపినట్టు ఆ చోటనే గుర్తు పెట్టాలి. మనిషి మర్యాదకోసం దాచడం సమర్థనీయం. అల్పమని కొట్టివేయడం సమర్థనీయం కాదు.

భాషకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఇంటి పుస్తకంలో ఉత్తరాంధ్ర మాట ఉన్నది ఉన్నట్టుగా, వ్యాకరణభయం లేకుండా ఉంటుంది. వాడుకభాషకోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టిన జిల్లాలో దాన్ని గ్రాంథికంగా దిద్ది అచ్చువేయడం సాక్ష్యాన్ని చెరపడమే అవుతుంది.

6. ముగింపు

డైరీ విలువ రాసినవాడి కీర్తిపై ఆధారపడదు. రాసేటప్పుడు అతడు దేన్ని వదలలేదు, తరువాతివారు దేన్ని వదిలిపెట్టారు అన్న రెండు విషయాలపై ఆధారపడుతుంది. జోసెలిన్ పాపభీతితో అన్నీ రాశాడు. హాక్లిఫ్ ఆసక్తి కలిగించేవి మాత్రం ఉంచారు. మెక్‌ఫార్లేన్ తిరిగి అన్నీ చేర్చారు. ఈ మూడు దశల్లో ఉద్దానం ఇంటి పుస్తకాలు ఇంకా మొదటి దశ దాటలేదు. మండలానికి ఒక పరిశోధకుడైనా తన ఇంటి అటకతో మొదలుపెట్టి, దొరికిన పుస్తకాన్ని యథాతథంగా ఎత్తిరాసి, సొంతదారు సమ్మతిని నమోదు చేసుకుంటే రెండవ దశలో జరగగల నష్టం మనకు తప్పుతుంది. కళాశాలల తెలుగు, చరిత్ర శాఖలు ఈ పనిని కలిసి చేపట్టవచ్చు. చెదలు, తుఫాను మాత్రం శాఖల నిర్ణయంకోసం ఆగవు.