టోబా టేక్ సింగ్‌ని చూడ్డానికొచ్చిన వాళ్లు

సాదత్ హసన్ మంటో కథ 'టోబా టేక్ సింగ్' గురించి తెలుగులో ఎవరు మాట్లాడినా చివరికి ఒక్కచోటికే చేరతారు. పిచ్చి పాగల్‌ఖానా లోపల ఉందా, దేశాన్ని విభజించిన వాళ్లలో ఉందా అని. కథలో ఆ వ్యంగ్యం ఉంది, కాదనం. కానీ మాకో అనుమానం. ఈ విమర్శకుల ఇళ్లలో మతి చెడినవాళ్లు ఒక్కరూ లేరా? ఉంటే బిషన్ సింగ్‌ని ఒట్టి ప్రతీకగా చేసి వదిలేయగలిగేవాళ్లా?

మాకు ఈ కథలో ముందు కనబడేవి ఇనుప గొలుసులు. టోబా టేక్ సింగ్‌లో భూములున్న ఆసామి బిషన్ సింగ్. ఉన్నట్టుండి బుర్ర తిరిగిపోతే లావుపాటి గొలుసులతో కట్టి తెచ్చి లాహోర్ పాగల్‌ఖానాలో చేర్చింది పోలీసులు కాదు, చుట్టాలే. ఆ చుట్టాలే నెలకోసారి చూడ్డానికొస్తారు. వాళ్లొచ్చే రోజు అతనికెట్లాగో తెలిసిపోతుంది. సబ్బు రుద్దుకుని స్నానం చేస్తాడు, తలకు నూనె రాసి దువ్వుకుంటాడు, మామూలుగా తొడగని బట్టలు తొడుక్కుంటాడు. పదిహేనేళ్లలో కూతురు పెద్దదైపోతుంది. అతను గుర్తుపట్టడు. ఆ పిల్ల చిన్నప్పుడూ ఏడ్చింది, పెద్దయ్యాకా ఏడుస్తుంది. కట్టేసిందీ వీళ్లే, వచ్చి చూసుకునేదీ వీళ్లే. మంటో వీళ్లని తిట్టడు, మెచ్చుకోడు. తాగుడుకు చికిత్స కోసం తానే లాహోర్ మానసిక వైద్యశాలలో ఉండివచ్చిన మనిషి. చుట్టాలొచ్చే రోజంటే లోపలివాళ్లకేమిటో అక్కడే చూసి ఉంటాడు.

ఈ గొలుసు మాకు కథల్లోది కాదు. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా పక్కనే ఒక ప్రైవేటు 'హోమ్' పాకకు నిప్పంటుకుని, గొలుసులతో కట్టి ఉన్న రోగులు తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. ఆ వార్త చదివిన చాలామంది 'దర్గా' అన్న మాట దగ్గరే ఆగిపోయారు. ముస్లింల మూఢనమ్మకం అన్నారు. ఏర్వాడికి హిందువులూ వెళతారు, క్రైస్తవులూ వెళతారు. గొలుసు వేసింది దర్గాలో నిద్రిస్తున్న వలీ కాదు, కుటుంబాల దగ్గర డబ్బు తీసుకుని రోగుల్ని ఉంచుకున్న వ్యాపారం. 2015-16లో నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వే ప్రకారం జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 మందికి వైద్యం అందలేదు. వాళ్లంతా తావీజులు కట్టుకున్న వాళ్లేనా?

మా ఇళ్ల సంగతీ చెప్పాలి. పిల్ల రాత్రిళ్లు నిద్రపోక తనలో తాను మాట్లాడుకుంటుంటే మా అమ్మీజాన్లు 'అసర్ హోగయా' అంటారు, 'సాయా పడింది' అంటారు. 'పాగల్' అనరు. అసర్ అంటే బయటినుంచి వచ్చింది, ఊదు వేస్తే పోయేది. పాగల్ అంటే ఇక ఉండిపోయేది, చెల్లెలి నిఖానీ చెడగొట్టేది. నెల్లూరు జిల్లా ఏ.ఎస్. పేట దర్గాకు రోగిని తీసుకొచ్చిన కుటుంబం ఆ మనిషి పక్కనే చాప వేసుకుని పడుకుంటుంది. మరి హైదరాబాద్‌లో 'ఎర్రగడ్డ' అన్న పేరే తిట్టు. ఆ తిట్టు దాటుకుని ఆస్పత్రి గేటు దాకా రావడం ఎంత కష్టమో తెలియని వాళ్లే జనానికి చైతన్యం లేదని తీర్పు చెబుతారు.

అట్లాగని ఆమిళ్లను వెనకేసుకు రాలేం. తావీజు కట్టి డాక్టరిచ్చిన మాత్రలు ఆపించేవాళ్లున్నారు. పరువు పేరుతో ఆడపిల్లని వెనకగదిలో ఏళ్లతరబడి దాచిన ఇళ్లున్నాయి. మజ్నూ అనే మాటకు అరబ్బీలో జిన్ పట్టినవాడనే అర్థం. ముషాయిరాలో జునూన్ మీద షేర్ చదివితే వాహ్వా అంటాం. వెనకగదిలో ఉన్న పిల్ల గురించి ఒక్క షేర్ లేదు.

మంటో రాసిన మార్పిడి నిజంగానే జరిగింది. 1950లో లాహోర్ నుంచి హిందూ, సిక్కు రోగులు కొందరిని అమృత్‌సర్ ఆస్పత్రికి తెచ్చారు. అదే అమృత్‌సర్‌లో ఆ దశాబ్దంలోనే డాక్టర్ విద్యాసాగర్ ఒక పనిచేశాడు. ఆస్పత్రి ఆవరణలో గుడారాలు వేయించి రోగులతోపాటు కుటుంబాల్నీ ఉంచాడు. తల్లో, అన్నో పక్కనుంటే రోగి తొందరగా తేరుకున్నాడు, వాళ్ల భయమూ తగ్గింది. దర్గాలో చాప వేసుకున్న కుటుంబం చేసేదీ ఇదే కదా, మందు ఒక్కటే తక్కువ. గుజరాత్ ఉనావాలోని మీరా దాతార్ దర్గాలో 'దవా-దువా' పేరుతో ఆ మందూ తెచ్చారు. ముజావర్లే రోగుల్ని పక్కనున్న డాక్టరు దగ్గరికి పంపడం మొదలైంది. 2017 చట్టం గొలుసు వేయడాన్ని పూర్తిగా నిషేధించింది. గుడారాల సంగతి మాత్రం మన పెద్దాసుపత్రులకు ఇంకా ఎక్కలేదు.

కథలో విభజన గొడవలతో చుట్టాల రాక ఆగిపోతుంది. మనసు ముందుగా చెప్పే కబురు కూడా బిషన్ సింగ్‌కి ఆగిపోతుంది. అప్పుడొకడొస్తాడు. ఊళ్లో పాత దోస్తు, ముసల్మాను, ఫజల్ దీన్. ఇంటివాళ్లంతా హిందుస్తాన్ వెళ్లిపోయారని చెబుతాడు, కూతురి మాట దగ్గర తడబడతాడు. మన విమర్శకులు ఫజల్ దీన్‌ని దాదాపు పట్టించుకోలేదు. అతను పిచ్చివాణ్ణి చూడ్డానికి వట్టి చేతులతో రాలేదు. మరుండాలు తెచ్చాడు, మన బొరుగుల ఉండల్లాంటివి.