గోతిలో దిగిన ప్లంబరుకు దండం

న్యూజెర్సీలోని న్యూవార్క్‌లో 2019లో మొదలుపెట్టి, మూడేళ్లు తిరిగేలోపే దాదాపు 23 వేల సీసపు నీటి గొట్టాలు తీసేసి రాగివి వేశారు. ఇంటివాళ్ల దగ్గర ఒక్క డాలరూ తీసుకోలేదు. ఆ మాట వచ్చినప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది గోతిలో మోకాళ్ల మీద కూర్చున్న ప్లంబర్లే.

తవ్వకానికి ముందు 811 అనే ఫోన్ నంబరుకు కబురు చేస్తే, నేల కింద ఏమేం ఉన్నాయో రంగు గీతలు గీసి చూపిస్తారు. నేల మీద నీలం గీత నీళ్లది, పసుపు గ్యాస్‌ది, ఎరుపు కరెంటుది. బేస్‌మెంట్‌లో గొట్టాన్ని కాస్త గీకితే సీసం వెండిలా మెరుస్తుంది. వీలున్న చోట పచ్చికంతా తవ్విపోయరు. పాత గొట్టంలోంచి ఉక్కు తాడు దూర్చి, వెనక కొత్త రాగి గొట్టం తగిలించి లాగుతారు. పాతది బయటికి వస్తుంటే దాని దారిలోనే కొత్తది వచ్చి కూర్చుంటుంది. ఎంత చక్కని ఉపాయం! రాగి నొక్కుకుపోకుండా లాగడం మాత్రం ఏళ్ల తరబడి చేస్తేనే వస్తుంది.

తర్వాత కుళాయిలన్నీ తిప్పి, కదిలిన సీసపు రేణువులు కొట్టుకుపోయేదాకా నీళ్లు వదలాలి. ఇక్కడ తొందరపడని పనివాడంటే నాకు మరీ గౌరవం. ఆ ఇంట్లో పసిబిడ్డకు పాలపొడి కలిపేది ఆ నీళ్లతోనే.