పిసా పరీక్షలు - బాలుర విజ్ఞాన ప్రావీణ్యము

పాఠశాల చదువు ముగియవచ్చిన బాలునకు విజ్ఞానశాస్త్రము ఎంతవరకు అబ్బినది? ఈ ప్రశ్నకు దేశదేశములందు ఒకే కొలతతో సమాధానము రాబట్టవలెనను ఉద్దేశముతో ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ 2000 సంవత్సరమున ‘పిసా’ పరీక్షలను ప్రారంభించినది. సామాన్యముగా మూడేండ్లకొకసారి 15 ఏండ్ల విద్యార్థులను కొందరిని ఎన్నుకొని పఠనము, గణితము, విజ్ఞానశాస్త్రములందు పరీక్షించిరి. 2006, 2015 విడతలలో విజ్ఞానశాస్త్రమునకే పెద్దపీట వేసిరి. ఫలితములు వెలువడగానే ఏ దేశము ముందున్నది, బాలురు ముందా బాలికలు ముందా అను ప్రశ్నలే ఎక్కువగా వినవచ్చును. ఈ రెండవ ప్రశ్న తేలికగా కనిపించును గాని, దానికి పట్టికలు చెప్పు సమాధానము అంత తేలికైనది కాదు.

ముందుగా పరీక్షలోని సుగుణమును ఒప్పుకొనవలెను. కంఠస్థము చేసిన సూత్రములను అప్పగింపుమని ఇది కోరదు. 2006 నాటి ఆమ్లవర్షపు ప్రశ్న ఇందుకు నిదర్శనము. 2 గ్రాముల పాలరాతి ముక్కను రాత్రంతయు వెనిగర్‌లో ఉంచి, మరునాడు తీసి ఆరబెట్టినచో దాని ద్రవ్యరాశి ఎంత యుండును? పాలరాయి కాల్షియం కార్బొనేటు. ఆమ్లము తగిలినప్పుడు కొంత కరగి, కార్బన్ డయాక్సైడు వాయువు వెలువడును. కనుక ద్రవ్యరాశి 2 గ్రాములకు తగ్గును. ఇంతవరకు సులభమే. చిక్కంతయు తరువాతి ప్రశ్నలో ఉన్నది: ఆ రాత్రియే మరికొన్ని ముక్కలను శుద్ధజలములో ఎందుకు ఉంచిరి? కరగుటకు కారణము ఆమ్లమే గాని ఉత్త నీరు కాదని నిర్ధారించుటకు. ఈ మాటను పూర్తిగా వ్రాయగలుగుట ఆరు స్థాయిలలో పై స్థాయి ప్రావీణ్యముగా లెక్కింపబడినది. ప్రయోగమునకు పోలిక అవసరమని గ్రహించుటయే విజ్ఞానశాస్త్రమునకు ఆయువుపట్టు గదా!

ఇక కొలత సంగతి. 2006లో ఆ సంస్థ సభ్యదేశముల సగటును 500గా స్థిరపరచిరి. సుమారు మూడింట రెండు వంతుల మంది 400కును 600కును నడుమ ఉందురు. దాదాపు 410కి దిగువనున్నవారు రెండవ స్థాయిని అందుకొననివారు. సామాన్య విషయములలో సయితము విజ్ఞానమును వినియోగించుట వారికి కష్టము. 2022లో సభ్యదేశముల విద్యార్థులలో సుమారు నాలుగింట ఒక వంతు ఈ గీతకు దిగువనే ఉండిపోయిరి.

ఈ కొలతపై 2015లో బాలుర సగటు బాలికల సగటుకంటె 4 పాయింట్లు ఎక్కువ. 2018లో బాలికలది 2 పాయింట్లు ఎక్కువ. 2022లో చెప్పుకొనదగిన భేదము లేదు. ఆ నాలుగు పాయింట్ల ఆధిక్యమునకు అర్థమేమి? కంటికెదురైన ఒక బాలుని, ఒక బాలికను పోల్చి చూచినచో, నూటికి 51 సార్లు బాలుడును, 49 సార్లు బాలికయు పై చేయి అగుదురు. ఇంతకుమించి అందులో ఏమియు లేదు.

అయితే సగటు చెప్పని సంగతి మరియొకటి కలదు. 2015లో అయిదవ, ఆరవ స్థాయిల నందుకొన్నవారు బాలురలో నూటికి సుమారు 9 మంది. బాలికలలో 6, 7 గురు మాత్రమే. అదే సమయమున రెండవ స్థాయికి దిగువనున్న వారిలోను బాలుర పాలు కొంచెము ఎక్కువయే. అనగా బాలురు రెండు కొసలకును చెదరియున్నారు. పై కొసను మాత్రమే చూచి బాలురకు విజ్ఞానము స్వభావసిద్ధమనుట ఎంత పొరపాటో, క్రింది కొసను మాత్రమే చూచి వారు చదువునకు పనికిరారనుటయు అంతే పొరపాటు.

ఈ స్వభావవాదమును ఫిన్లండు అనుభవము గట్టిగా త్రోసిపుచ్చుచున్నది. 2006లో ఆ దేశము 563 పాయింట్లతో అగ్రస్థానమున నిలిచినది. బాలురు 562, బాలికలు 565. ఇది భేదమే కాదు. 2015 నాటికి బాలికలు 541కి తగ్గగా, బాలురు 521కి పడిపోయిరి. ఆ యేడు పై స్థాయిల నందుకొన్నవారిలో బాలికల పాలు అధికమైన దేశము ఫిన్లండు ఒక్కటే. తొమ్మిదేండ్లలో మనుష్య స్వభావము మారదు. మారినది మరేదో అయి ఉండవలెను.

బాలురు చదువుటలో వెనుకబడిరి, ప్రశ్నలు పెద్దవి, అందుచేత నష్టపోయిరి అని కొందరందురు. ఈ వాదము వినుటకు బాగున్నది. కాని ఫిన్లండు బాలురు పఠనములో బాలికలకంటె 2006లోనే 51 పాయింట్లు వెనుకబడి యుండిరి. విజ్ఞానములో మాత్రము నాడు సమానులే! 2015లో పఠనములోని అంతరము 47. అనగా పెరుగలేదు సరికదా, కొంచెము తగ్గినది. కావున పఠనమొక్కటే కారణము కాజాలదు. 2015లో పరీక్ష కాగితము నుండి కంప్యూటరునకు మారినది గనుక అదియే కారణమందమా? కాగితముపై వ్రాసిన 2009లోనే విజ్ఞానములోని అంతరము సుమారు 15 పాయింట్లకు చేరినది.

పిసాకు గల లోపము ఇక్కడనే బయటపడుచున్నది. అది ప్రతి విడతయందును వేరు వేరు పిల్లలను కొలుచును. ఒకే బాలుని ఏటేట వెంబడింపదు. జ్వరమెంతయున్నదో చెప్పును గాని, జ్వరకారణము చెప్పదు. నివేదికలు రెండు కొసల లెక్కలను దాచలేదు. కాని లోకమునకు చేరునవి సగటులును, వరుస సంఖ్యలును మాత్రమే. చదువువారు తరువాతి పుటలనుగూడ తిప్పవలెను.

భారతదేశము నుండి తమిళనాడు, హిమాచల ప్రదేశములు మాత్రము 2009 విడతకు అనుబంధముగా జరిగిన పరీక్షలో పాల్గొన్నవి. విజ్ఞానమున వాటి సగటులు వరుసగా 348, 325. ఆ పిమ్మట 2022 వరకు ఏ విడతలోను ఈ దేశము పాల్గొనలేదు. కనుక తెలుగు బాలుని స్థానమును ఈ పట్టికలు చెప్పలేవు. అయినను అతని ఉపాధ్యాయునకు అవి ఒక హెచ్చరిక చేయుచున్నవి: తరగతిలో మొదటివాడు బాలుడైనంతమాత్రమున చివరి బల్లపై నున్న బాలుని సంగతి చక్కబడదు. పాలరాతి ముక్కను నీటిలో ఎందుకుంచిరో ఆ చివరివానికి బోధపడిననాడే పాఠము పూర్తియైనట్లు.