పటాలమా, కుషూనా?

టిప్పు సుల్తాన్ (పాలన 1782–1799) తన సైన్యాన్ని కొత్తగా తీర్చిదిద్దడానికి రాయించిన పారశీక గ్రంథం ‘ఫత్‌హుల్ ముజాహిదీన్’. రచయిత జైనుల్ ఆబిదీన్ షూస్తరీ. (1799లో నిజాం సేనతో శ్రీరంగపట్నం మీదికి నడచిన మీర్ ఆలం ఇతనికి సోదరుడు!)

దీనిని తెలుగు చేయబూనితే సేనా విభాగాల పేర్ల దగ్గరే చిక్కు. ‘కుషూన్’ను ‘పటాలం’ అనేస్తే పాఠకునికి సుళువే. కాని పటాలం యూరపు ‘బెటాలియన్’ నుండి వచ్చిన మాట. సుల్తాను తన కవాతు నుండి తొలగించదలచినవి అటువంటి మాటలనే. ఆయన చేసిన పనిని అనువాదకుడు ఒక్క కలంపోటుతో రద్దుచేసినట్లవుతుంది. ‘కచేరీ’ మరీ చిత్రం. మా జగ్గయ్యపేట పెద్దలకు కచేరీ అంటే అర్జీ పట్టుకు నిలబడే చోటు. ఆ సైన్యంలో అది కొన్ని కుషూన్ల సముదాయం.

అయితే ఈ గ్రంథాన్ని మెచ్చుకునేవారు ఒక సంగతి దాటవేస్తారు. ఆజ్ఞలు పారశీకమైనా కవాతు యూరపుదే. పైగా కన్నడమో తెలుగో మాట్లాడే సిపాయికి ఫ్రెంచి ఆజ్ఞ ఎంత పరాయిదో, ఫార్సీ ఆజ్ఞా దాదాపు అంతే. దక్కనీ ఎరిగినవానికి కొంత నయం. ఈ లోపాన్ని దాచనక్కరలేదు, అనువాదంలో సవరించనూ కూడదు. నా మటుకు కుషూన్‌ను కుషూన్‌గానే ఉంచి, పుట అడుగున వివరణ ఇస్తాను.