మెట్టూ, మోటారూ, మఠమూ

మనవాళ్ళు నాటకం చూసివచ్చి విమర్శ రాస్తారు. సినిమా చూసివచ్చి రాస్తారు. కచేరీకి వెళ్ళి, వెనక వరసలో కునుకు తీసి వచ్చి కూడా రాస్తారు. డబ్బిచ్చి కొనుక్కొన్న యాత్ర మీద మాత్రం ఎవ్వరూ విమర్శ రాయరు. "ఎలా ఉందండీ?" అంటే "అద్భుతం" అంటారు, అంతే. పెట్టిన ఖర్చు నోరు నొక్కేస్తుంది కాబోలు. ఆలోచించి చూస్తే గైడు వెంట చేసే యాత్ర కూడా ఒక నాటకమే. దానికో రంగస్థలం ఉంది. ముందే వల్లించుకొన్న పాఠం ఉంది. సూత్రధారుడున్నాడు. మధ్యలో కాఫీకి తెర దించడం కూడా ఉంది. మరి దాన్నొక్కదాన్నీ సమీక్ష లేకుండా ఎందుకు వదిలిపెట్టాలి?

అందుకని కిందటి సెప్టెంబరులో నేను చూసిన, కాదు, తొక్కిన ఒక యాత్రను గురించి ఇక్కడ రాస్తున్నాను.

మా అమ్మాయీ అల్లుడూ జర్మనీలో ఉంటారు. మమ్మల్నిద్దర్నీ రప్పించుకొని, ఓ వారం గ్రీసు చూపిస్తామని తీసుకెళ్ళారు. అక్కడ థెస్సలీ మైదానం అంచున, పిండస్ కొండలు మొదలయ్యేచోట కలంబాకా అని చిన్న ఊరుంది. ఆ ఊరి నెత్తిమీద రాళ్ళు నిలబడి ఉంటాయి. కొండలనడానికి వీల్లేదు, రాళ్ళే. గులకరాళ్ళూ ఇసకా కలిసి గట్టిపడి, కోట్ల ఏళ్ళ గాలికీ వానకీ అరిగి, బూడిదరంగు స్తంభాల్లా తేలిన రాళ్ళు. ఆ స్తంభాల శిఖరాల మీద క్రైస్తవ సన్యాసుల మఠాలు. ఆ చోటి పేరు మెటెయోరా. గాలిలో వేలాడేవి అని అర్థమట. పద్నాలుగో శతాబ్దం నడిమి రోజుల్లో అథనాసియోస్ అనే సన్యాసి పెద్ద మఠం కట్టాడు. ఆ తర్వాత అవి ఇరవై నాలుగు దాకా పెరిగాయి. ఈనాడు దీపం వెలుగుతున్నవి ఆరు. 1988లో యునెస్కోవారు దీన్ని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చారు.

సరే, అంతటి చోటును మేము చూడవలసిన పద్ధతిని అల్లుడు ముందే ఏర్పాటు చేసేశాడు. కరెంటు సైకిళ్ళ మీద, గైడుతో, నాలుగు గంటలు!

"మావయ్యగారూ, మీకేమీ శ్రమ ఉండదు, మోటారు తోస్తుంది" అన్నాడు.

ఆ మాటకే నాకు ఒళ్ళు మండింది. నేను అలిపిరి నుంచి మెట్ల దారిన తిరుమల చాలాసార్లు ఎక్కినవాణ్ణి. ఆ కొండకు మోటారు దారి పడ్డది 1944లో. అప్పట్నుంచీ మా వంశంలో నడిచి ఎక్కినవాళ్ళకూ బస్సులో వెళ్ళినవాళ్ళకూ మధ్య తగువు తెగలేదు. నేను మొదటి పక్షం. చెమట కారకపోతే దర్శనమేమిటని నా వాదన. అందుచేత ఈ యాత్రను చీల్చి చెండాడాలనే బయల్దేరాను. విమర్శకుడు పుస్తకం తెరవకముందే అభిప్రాయం సిద్ధం చేసుకోవడం కొత్తేమీ కాదుగదా.

ముందు ఆ సైకిలు సంగతి. లావు టైర్ల కొండసైకిలు 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో పుట్టింది. అక్కడి కుర్రాళ్ళు పాత సైకిళ్ళను కొండమీదికి తరచు ట్రక్కుల్లో వేసుకుపోయి, మట్టిదారుల్లో సర్రున కిందికి వదిలేవారు. అంటే అది దిగడానికి పుట్టిన సైకిలు. తొక్కేవాడికి మోటారు సాయమిచ్చే సైకిలును జపానులో యమహావారు 1993లో అమ్మకానికి పెట్టారు. అది ఎక్కడానికి పుట్టింది. ఈ రెంటికీ పెళ్ళి చేస్తే వచ్చిన సంతానమే మా వాహనం. పెడళ్ళ ఇరుసు దగ్గర మోటారు, కడ్డీలో బ్యాటరీ. ఐరోపా చట్టం ప్రకారం ఈ సైకిలు మోటారు శక్తి 250 వాట్లు మించకూడదు. వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటితే సాయం దానంతటదే ఆగిపోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, తొక్కితేనే అది తోస్తుంది. కాలు ఆపితే అదీ ఆగుతుంది.

ఇది విన్నాక మొదటిసారి నా సిద్ధాంతం కాస్త కదిలింది. మన పెద్దలు భక్తిలో రెండు న్యాయాలు చెప్పారు. పిల్లి తన కూనను నోట కరుచుకుపోతుంది, కూన చేసేదేమీ లేదు, అది మార్జాల కిశోర న్యాయం. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకోవాలి, అది మర్కట కిశోర న్యాయం. బస్సు పిల్లితల్లి. ఈ సైకిలు కోతితల్లి. పట్టు వదిలితే మోయదు.

అన్నట్టు, పిల్లి పద్ధతి ఆ మఠాలకూ కొత్తది కాదు. 1920లలో రాతిలో మెట్లు తొలిచేదాకా పైకి పోవాలంటే వేలాడే నిచ్చెనలు, లేదా వల. మనిషిని వలలో కూర్చోబెట్టి, పైన సన్యాసులు కొయ్య ఇరుసుకు తాడు చుడుతూ లాగేవారు. "తాడు ఎన్నాళ్ళకోసారి మారుస్తారు?" అని ఎవరో అడిగితే "దేవుడు తెంచినప్పుడు" అన్నారని ఒక ముచ్చట అక్కడ తరతరాలుగా చెప్పుకొంటారు. ఇప్పుడు సరుకులు పైకి చేర్చడానికి తీగ మీద నడిచే పెట్టెలున్నాయి. సన్యాసులే మోటారును ఆమోదించాక, అలిపిరి మెట్ల అహంకారంతో నేను అభ్యంతరం చెప్పడం బాగుండదు.

కాని నన్ను అసలు ఓడించింది న్యాయశాస్త్రం కాదు, మా ఆవిడ.

మా ఆవిడది తెనాలి. చిన్నప్పుడు వాళ్ళన్నయ్య సైకిలు మీద, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకొందట. పెద్దమనిషయ్యాక వాళ్ళ నాన్నగారు "ఇక చాల్లే" అన్నారు. అంతే, ఆగిపోయింది. యాభై ఏళ్ళు దాటిన మాట. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులు. తిరుమలకు నేను మెట్ల మీద, తను బస్సులో. పైన కలుసుకొన్నప్పుడు నేను చెమట తుడుచుకొంటూ తన వంక కాస్త గర్వంగా చూసేవాణ్ణని ఆవిడ అభియోగం. నిజమే అయివుంటుంది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, గైడు కుర్రాడు మంచివాడు. తారురోడ్డు ఎక్కించేముందు అరగంటసేపు ఖాళీస్థలంలో ఆవిడ చేత అటూ ఇటూ తొక్కించాడు. మొదట రెండుసార్లు కాలు కింద పెట్టింది. మూడోసారి పెట్టలేదు. కాస్త్రాకి ఊరు దాటి ఎత్తు మొదలయ్యేసరికి నేను వెనకబడ్డాను. నేను పంతం కొద్దీ మోటారు తక్కువలో పెట్టుకొన్నాను లెండి. ముందు మలుపులో ఆవిడ పంజాబీ డ్రెస్సు చున్నీ నడుముకు బిగించి, శిరస్త్రాణంతో, నిటారుగా వెళ్తోంది. వెనక్కి తిరిగి చూడలేదు. నలభై మూడేళ్ళ కాపురంలో ఆవిడ నాకన్నా ముందు నడవగా నేను చూడటం అదే మొదలు.

పైన ఆగినప్పుడు నేను రొప్పుతూ "మోటారు సాయంతో ఎక్కావు" అన్నాను.

"మీరెక్కిన మెట్లు మాత్రం మీరు చెక్కినవా ఏమిటి?" అంది.

దీనికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. కనక మోటారు మీద నేను సిద్ధం చేసుకొన్న విమర్శ అక్కడితో రద్దు.

మరి ఈ యాత్రలో లోపం లేదా అంటే, ఉంది. అది సైకిల్లో లేదు, పాఠంలో ఉంది.

రోడ్డు మలుపుల దగ్గర దృశ్యస్థలాలున్నాయి. ఒక్కోచోట ఆగి, గైడు ఒక్కో రాయిని చూపించి పరిచయం చేశాడు. హోలీ ట్రినిటీ మఠం దగ్గర ఏం చెప్పాడయ్యా అంటే, 1981లో విడుదలైన జేమ్స్ బాండ్ సినిమాను ఇక్కడ తీశారని. 'ఫర్ యువర్ ఐస్ ఓన్లీ' అనే ఆ చిత్రంలో నాయకుడు ఈ రాతినే పాకాడట. ఇంకో రాయి దగ్గర ఏదో టీవీ సీరియల్ పేరు చెప్పాడు. ఆరొందల ఏళ్ళ చోటుకు నలభై ఏళ్ళ సినిమా చేత సిఫారసు ఉత్తరం ఇప్పించడం! అందరం ఫోటోలు తీసుకొన్నాం. నేనూ తీసుకొన్నాను, దాచడమెందుకు.

ఆ సినిమా కథలోనే ఒక ముచ్చట చెప్పి గైడు నవ్వించాడు. షూటింగు ఇష్టంలేని సన్యాసులు, దృశ్యం చెడగొట్టడానికి బయట బట్టలు ఆరేశారట. అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. 'ఇది మీ తెర కాదు, మేము బతికే ఇల్లు' అని ఇంతకన్నా క్లుప్తంగా ఎవరు చెప్పగలరు? వాళ్ళు వ్యాసం రాయలేదు, ఊరేగింపు తీయలేదు. ఉతికిన బట్టలు తీగ మీద వేశారు. నేను ఎరిగిన మంచి విమర్శల్లో దాన్నొకటిగా లెక్కవేస్తాను.

వెనకవైపు మట్టిబాటలో వెళ్ళినప్పుడు యాత్ర కాసేపు గొప్పదైంది. అక్కడ కొండచరియ గుహలో ఇరికించి కట్టిన ఇపపాంతి అనే పాత మఠం ఉంది. జనం లేరు. గైడు కూడా మాట్లాడలేదు. చెట్ల ఆకుల చప్పుడూ మా టైర్ల కింద గులకరాళ్ళ చప్పుడూ తప్ప మరేమీ లేదు. పాఠం ఆగిపోయినచోటే నాటకం పండింది.

దిగేదారిలో సెయింట్ నికొలాస్ అనపఫ్సాస్ మఠం కనిపించింది. ఆరింటిలోనూ చిన్నవాటిలో ఒకటి. క్రీటు ద్వీపపు థియోఫనిస్ అనే చిత్రకారుడు 1527లో దాని గోడలకు బొమ్మలు వేశాడు. వాటిలో ఆదాము జంతువులకు పేర్లు పెడుతున్న బొమ్మ ఒకటుందని మా ఆవిడ అమ్మాయి కొన్న పుస్తకంలో చూసి పెట్టుకొంది. లోపలికి వెళ్దామని అడిగింది.

గైడు గడియారం చూసుకొన్నాడు. అది కార్యక్రమంలో లేదన్నాడు. పైగా మాలో సగంమంది బట్టలకు లోపలికి రానివ్వరన్నాడు. నిజమే, అక్కడ మగవాళ్ళకు పొడుగు పంట్లాం, ఆడవాళ్ళకు పావడా ఉండాలి. కాని మాకు ముందుగా ఇచ్చిన కరపత్రంలో, తొక్కడానికి సుఖంగా నిక్కర్లు వేసుకోమని వాళ్ళే రాశారు! మఠాలు చూపించే యాత్రకు, మఠంలోకి రానివ్వని వేషం వేయించినవాడి ఊహకు నమస్కారం పెట్టాలి. కరపత్రం మళ్ళీ తీసి చదివాను. 'ఆరు మఠాల దర్శనం' అని ఉంది. అబద్ధం లేదు. ఆరింటినీ చూశాం. ఒక్కదాని గడపా తొక్కలేదు. వర్లామ్ మఠం రాతి మీదికి సామగ్రి చేరవేయడానికి 22 ఏళ్ళు పట్టిందనీ, గుడి మాత్రం 20 రోజుల్లో లేచిందనీ చెప్తారు. మేము ఆరింటినీ నాలుగు గంటల్లో ముగించాం.

మా ఆవిడ ఏమీ అనలేదు. ఆ గేటు వంక చూసి, సైకిలెక్కింది.

ఆ రాత్రి నాకు ఏనుగుల వీరాస్వామయ్యగారు గుర్తొచ్చారు. 1830లో చెన్నపట్నం నుంచి బయల్దేరి, కాశీకి వెళ్ళి, పదిహేను నెలల పైచిలుకు తిరిగి వచ్చిన మనిషి. ఆయన నడిచి వెళ్ళలేదు. పల్లకీలో, బోయీల భుజాల మీద వెళ్ళారు. శ్రమ లెక్కన చూస్తే మా కన్నా హాయి. అయినా 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్ర చరిత్రను ఈనాటికీ చదువుతున్నామంటే, దిగినచోటల్లా నిలబడి చూశారు గనక. ఊళ్ళో నీళ్ళెలా ఉన్నాయి, అంగళ్ళున్నాయా, దారి ఎలా ఉంది, అన్నీ కనుక్కొన్నారు. ఎలా ఎక్కామన్నది కాదు, దిగాక ఎంతసేపు నిలబడ్డామన్నది ముఖ్యం. ఈ సంగతి నేను తిరుమల మెట్ల మీదే తెలుసుకొని ఉండవలసింది. మెట్లు లెక్కపెట్టుకొంటూ ఎక్కినవాణ్ణి, దారిలో ఏమున్నదో అడిగితే చెప్పలేను.

మర్నాడు పొద్దున్నే లేచేసరికి మా ఆవిడ తయారై కూర్చుంది. ఊళ్ళో అవే సైకిళ్ళు గైడు లేకుండా అద్దెకిస్తారని అల్లుణ్ణడిగి కనుక్కొందట. రెండు తీసుకొన్నాం. నేనూ మోటారు ఎక్కువలోనే పెట్టాను. అనపఫ్సాస్ కింద సైకిళ్ళకు తాళాలు వేసి, మెట్ల మీద నాలుగుసార్లు కూర్చుని లేచి, పైకి చేరాం. పంజాబీ డ్రెస్సు చాలదని ఒక గుడ్డ ఇచ్చి నడుముకు చుట్టుకోమన్నారు. అచ్చం పరికిణీలా ఉంది. ఆవిడ దాన్ని సర్దుకొని లోపలికి నడిచింది.

గది చిన్నది. గోడ మీద ఆదాము కూర్చుని ఉన్నాడు. చుట్టూ జంతువులు. మేమిద్దరమూ చాలాసేపు నిలబడ్డాం. ఎవరూ గడియారం చూసుకోలేదు.

"తొందరేమీ లేదు చూడండి ఇతనికి" అంది మా ఆవిడ.

ఇక విమర్శకుడి ధర్మంగా తీర్పు చెప్పాలి. వాహనం: చాలా బాగుంది, మోకాళ్ళ నొప్పులున్నవారికి మరీను. రంగస్థలం: చెప్పనలవి కాదు. పాఠం: తిరగరాయాలి, సినిమా పేర్లు తగ్గించి ఒక్క మఠంలోనైనా గంటసేపు నిలబెట్టాలి. వేషధారణ: పొడుగు పంట్లాం.

తిరుగుదారి అంతా దిగుడే. ఆవిడ ముందు, నేను వెనక.